ముందు మీరు కూల్ అవ్వండమ్మా!

మొగుడు కొట్టాడు. చెంప వాచింది. ఆవిడ కౌన్సెలింగ్‌కు వచ్చింది. అక్కడ మొదటి వైద్యం ఏమిటి? ‘ముందు మీరు కూల్ అవ్వండమ్మా. కళ్లు మూసుకోండి. ఊపిరి పీల్చి పది దాకా లెక్కపెట్టండి.’ లెక్కపెట్టింది. ఇంటికెళ్లింది. పదకొండోది వీపు మీద పడింది!

భావోద్వేగాల నియంత్రణట! ఏసీ హాల్లో కౌన్సెలర్లకు రెండు రోజుల శిక్షణ, మధ్యలో సమోసాలు, చివర్లో గ్రూప్ ఫోటో. ఆ తర్వాత దెబ్బలు తిన్నవాళ్ల మీద ప్రయోగం.

ఆ విద్యను తప్పుపట్టడం లేదు. అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహన్ దీనికో చికిత్సా పద్ధతినే తయారు చేశారు. ఆమె చెప్పిందేమిటి? పుట్టుకతో వచ్చిన సున్నితత్వానికి, ‘నీదీ ఒక బాధేనా’ అని కొట్టిపారేసే వాతావరణం తోడైతే మనిషి అదుపు తప్పుతాడని. అందుకే ఆ చికిత్సలో ‘నీ కోపానికి అర్థముంది’ అని ఒప్పుకోవడం ఒక పునాది. మనవాళ్లు పునాదిని పీకేసి ఊపిరి పీల్చడాన్ని మాత్రం ఉంచుకున్నారు. దానికి బడ్జెట్ అక్కర్లేదు మరి!

చట్టం లేదా? బ్రహ్మాండంగా ఉంది. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం కోర్టుకు దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ జరగాలి. అక్కణ్నుంచి 60 రోజుల్లో కేసు తేల్చేందుకు ప్రయత్నించాలి. కోర్టు మెట్లెక్కిన ఏ ఆడబిడ్డకైనా ఈ మాట చెప్పి చూడండి. ఏడవాల్సిన మనిషి నవ్వుతుంది.

అసలు తమాషా ఆ చట్టం కింద వచ్చిన 2006 నిబంధనల్లో ఉంది. మేజిస్ట్రేటు పంపే కౌన్సెలింగ్‌లో కొట్టినవాడు తన హింసకు సమర్థింపు చెప్పుకోవడానికి వీల్లేదని 14వ నిబంధన అంటోంది. మళ్లీ ఆ పని చేయనని వాడు హామీ ఇవ్వాలి కూడా. మరి గదిలో వినబడేదేమిటి? ‘నువ్వూ ఎదురు మాట్లాడావటగా?’ ‘మగాడన్నాక ఓ దెబ్బ వేయడా?’ ఇది సమర్థింపు కాదా? వాడికి నోరు విప్పే శ్రమ కూడా లేదు. వాడి తరఫు వకాల్తా కౌన్సెలర్లే పుచ్చుకుంటున్నారు!

ఆడవాళ్లకు కోపం ఎక్కువైందంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పెళ్లయిన 18-49 ఏళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం మంది భర్త హింసకు గురయ్యామన్నారు. ఏదో ఒక కారణం ఉంటే భార్యను కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 84 శాతం! ఇంతకంటే ఏం శాంతం కావాలి మహానుభావా? ఇంకా ఎవరి కోపాన్ని అదుపు చేద్దామని?

పాపం, పాఠం చెప్పే చాలామంది కౌన్సెలర్లవీ కాంట్రాక్టు బతుకులే. జీతం ఎప్పుడు పడుతుందో తెలియదు. అడిగితే పై ఆఫీసు ఏం చేస్తుంది? ‘ఒత్తిడిని జయించడం ఎలా?’ అని జూమ్ మీటింగ్ పెడుతుంది. ఆ కౌన్సెలరూ ఊపిరి పీల్చుకోవాల్సిందే!

కోపం అదుపు చేసుకునే విద్య అంత గొప్పదైతే చేయి చేసుకున్నవాడికి కదా ముందు నేర్పాలి? వాడి కుర్చీ ఎప్పుడూ ఖాళీ ఎందుకుంటోంది? వాడికి డ్యూటీ ఉంటుందట. దెబ్బలు తిన్న ఆవిడకేమో పనేమీ లేదట!

అమ్మా, అక్కా, చెల్లీ! మేజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు పంపితే ఆ 14వ నిబంధన కాగితం వెంట తీసుకెళ్లండి. వాడి హామీ రాతలో అడగండి. అది చేతికొచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి.