రన్ను రేటు మిన్న రామచంద్ర! – టీకా తాత్పర్య సహితం

అవతారిక

టీ20 ప్రపంచ కప్పు మీద స్తోత్రాలకు కొదవ లేదు. ఆ కప్పు గడప తొక్కడానికి చిన్న జట్లు ఆడే ప్రాంతీయ క్వాలిఫయర్ల మీద మాత్రం ఒక్క చాటువైనా లేదు. ఆ వెలితి తీర్చడానికి అచ్చంపేటలో ఈ ఆటవెలది పుట్టింది. పద్యం కట్టినవాడూ వ్యాఖ్యానం రాస్తున్నవాడూ ఒక్కడే కనుక, కవి హృదయం అందలేదని తప్పించుకునే వీలు లేదు.

మూలం

చిన్న దేశజట్లు చేరి యాడెడి పోటి
పెద్ద పోటికింక పిల్లబాట;
గెలిచి యోడు నొకటి, గెలుపోటముల కన్న
రన్ను రేటు మిన్న రామచంద్ర!

టీక

చిన్న = ఐసీసీలో (అంతర్జాతీయ క్రికెట్ మండలిలో) పూర్తి సభ్యత్వం లేని; దేశజట్లు = దేశం పేరు చొక్కా మీద రాసుకున్న పదకొండేసి మంది; చేరి = ఒక్కచోట కూడి; ఆడెడి పోటి = ఇన్నింగ్సుకు ఇరవై ఓవర్ల చొప్పున సాగే పోటీ; పెద్ద పోటికి = ప్రపంచ కప్పుకు; ఇంక = పాదపూరణం, అర్థం వెతకరాదు; పిల్లబాట = పెద్ద రోడ్డు మన కోసం వేయనప్పుడు కాళ్ళు వేసుకునే దారి; ఒకటి = ఒక జట్టు; గెలిచి = ఆఖరి మ్యాచ్ నెగ్గి కూడా; ఓడున్ = ఇంటిదారి పట్టును; గెలుపోటముల కన్న = గెలుపు కన్నా ఓటమి కన్నా; రన్ను రేటు = నెట్ రన్‌రేట్; మిన్న = ఘనమైనది; రామచంద్ర = ఓ రామచంద్రా! ఇది దేవుణ్ణి పిలవడం కాదు, పాయింట్ల పట్టిక చూసినవాడి నిట్టూర్పు.

తాత్పర్యం

చిన్న దేశాల జట్లు పెద్ద కప్పుకు చేరాలంటే సన్నటి దారిన పోవాలి. ఆ దారిలో గెలిస్తే చాలదు, ఎంత త్వరగా గెలిచామో లెక్క చెప్పాలి. ఓడినా ఫరవాలేదు, ఎంత నెమ్మదిగా ఓడామో లెక్క చెప్పుకోవచ్చు.

విశేషాలు

“చిన్న”: ఇది జనాభాను బట్టి చెప్పిన మాట కాదు. అలాగైతే లక్ష పైచిలుకు జనం ఉన్న జెర్సీ దీవికి జట్టు ఉండి, అంతకు ఎన్నో రెట్ల జనం ఉన్న మన నాగర్‌కర్నూలు జిల్లాకు లేకపోవడం ఏమిటని ప్రశ్న వస్తుంది. ఐసీసీ పద్దులో పూర్తి సభ్యులు 12 మంది, తక్కినవన్నీ అసోసియేట్లు. ఆ పద్దు ప్రకారం ఇటలీ చిన్నదే, అమెరికా చిన్నదే. అయితే ఈ లక్షణానికి అవ్యాప్తి దోషం ఉంది. పూర్తి సభ్యురాలైన జింబాబ్వే కూడా 2025లో హరారేలో క్వాలిఫయర్ ఆడాల్సి వచ్చింది. కాబట్టి “క్వాలిఫయర్ ఆడకుండా పిలుపు రానిది చిన్నది” అని లక్షణాన్ని సవరించుకోవాలి.

“దేశజట్లు”: సంస్కృతపు దేశాన్ని తెలుగు జట్టుతో ముడివేశావు, ఇది దుష్టసమాసం కదా అంటారు వైయాకరణులు. నిజమే. కానీ ఐసీసీ నిబంధన చూడండి: ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా పౌరుడై ఉండాలి, లేదా మూడేళ్ళుగా అక్కడ నివాసం ఉండాలి. జట్టే అలా ఏర్పడుతుంటే సమాసం ఎక్కడి నుంచి శుద్ధంగా వస్తుంది? అమెరికా మహిళల జట్టులో కొడాలి గీతిక, పురుషుల జట్టులో ముక్కామల సాయితేజ, కెనడా వికెట్ల వెనక మొవ్వ శ్రేయస్. తెలుగు ఇంటిపేర్లు ఉత్తర అమెరికా జెండాల కింద సంధి కుదుర్చుకున్నాయి.

“పిల్లబాట”: మన ప్రాంతపు పాఠకులకు దీన్ని ద్వారాలతో చెబితే సులభం. శ్రీశైలానికి నాలుగు ప్రధాన ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన మన రంగాపూర్ దగ్గరి ఉమామహేశ్వరం. 2026 ప్రపంచ కప్పుకూ సరిగ్గా నాలుగే ద్వారాలు. 2025 జూన్‌లో కెనడాలోని కింగ్ సిటీ, జూలైలో నెదర్లాండ్స్‌లోని ది హేగ్, ఆ తర్వాత హరారే, ఒమాన్. తేడా ఎక్కడంటే, ఉమామహేశ్వరంలో మొక్కి కొండకు పోయేవాళ్ళను ఎవరూ లెక్కపెట్టి ఆపరు. ఇక్కడ అమెరికా ఖండాల ద్వారం గుండా ఒక్కరే పోవాలి. యూరప్ నుంచి ఇద్దరు, ఆఫ్రికా నుంచి ఇద్దరు, ఆసియా, పసిఫిక్ కలిపి ముగ్గురు. కప్పులోని ఇరవై జట్లలో ఈ ద్వారాల గుండా వచ్చేవి ఎనిమిది.

“గెలిచి యోడు నొకటి”: దీనికి ఉదాహరణ ది హేగ్. 2025 జూలై 11న జెర్సీ ఆఖరి బంతికి స్కాట్లాండ్ మీద గెలిచింది. అదే రోజు ఇటలీ తొమ్మిది వికెట్ల తేడాతో నెదర్లాండ్స్ చేతిలో ఓడింది. జెర్సీ, ఇటలీల మధ్య జరగాల్సిన మ్యాచ్‌ను అంతకు ముందే వాన మింగి, చెరొక పాయింటు పంచింది. చివరికి ఇద్దరివీ ఐదేసి పాయింట్లు. రన్‌రేట్ ఎక్కువున్న ఇటలీ, ఓడిన రోజే, మొదటిసారిగా ప్రపంచ కప్పుకు అర్హత పొందింది. అలంకారం విరోధాభాసం: విరోధం ఉన్నట్టు కనిపించి, పట్టిక చూశాక పరిహారమవుతుంది. జెర్సీవాళ్ళకు మాత్రం అది ఆభాసం కాదు, అసలు విరోధమే.

“రన్ను రేటు”: టోర్నీ మొత్తంలో మనం ఓవరుకు చేసిన పరుగుల్లోంచి ఎదుటివాళ్ళకు ఓవరుకు ఇచ్చిన పరుగులు తీసివేయగా మిగిలేది. ఆలౌటైతే ఆడిన ఓవర్లు కాక మొత్తం కోటా ఓవర్లను లెక్కలోకి తీసుకుంటారు. పది ఓవర్లకే చాప చుట్టేసిన జట్టుకు ఇరవై ఓవర్ల భారం తప్పదని సూక్ష్మం.

పాఠాంతరం

2026 జనవరిలో బంగ్లాదేశ్ స్థానంలో ఐసీసీ ఒక జట్టును ప్రపంచ కప్పుకు పిలిచింది. ర్యాంకు చూసి పిలిచిన ఆ జట్టు, ది హేగ్‌లో జెర్సీ చేతిలో ఓడిన స్కాట్లాండే. అప్పటి నుంచి నాలుగో పాదాన్ని “రన్ను రేటు కన్న ర్యాంకు మిన్న” అని చదివేవారున్నారు. యతి కుదిరింది, గణాలు కుదిరాయి, న్యాయం సంగతి ఛందశ్శాస్త్రం పరిధిలోకి రాదు.

పూర్వపక్షం

“2024 నవంబర్ 24న లాగోస్‌లో జరిగిన ఉపప్రాంతీయ క్వాలిఫయర్‌లో నైజీరియా 271 కొడితే ఐవరీ కోస్ట్ 7 పరుగులకు ఆలౌటైంది. ఇలాంటివాటికి అంతర్జాతీయ హోదా ఎందుకు? ద్వారాలు మూసేయరాదా?”

సిద్ధాంతం

మూయరాదు. ఆ ఏడు పరుగులు ఉపద్వారం దగ్గరే ఆగిపోయాయి. వడబోత పని చేస్తున్నదనడానికి అదే నిదర్శనం. వడబోతలో నిలిచినవాళ్ళను చూడండి. 2023లో బెర్ముడాలో ఆడిన క్వాలిఫయర్ నెగ్గి కెనడా తొలిసారి పురుషుల టీ20 ప్రపంచ కప్పుకు వెళ్ళింది. 2024 జూన్ 7న న్యూయార్క్‌లో పూర్తి సభ్యదేశమైన ఐర్లాండ్‌ను 12 పరుగులతో ఓడించింది. అందులో మొవ్వ శ్రేయస్‌వి 37 పరుగులు. 2025లో అదే కెనడా కింగ్ సిటీలో బహామాస్‌ను 57కే కూల్చి మళ్ళీ ఆ ఒక్క బెర్తునూ పట్టుకుపోయింది. బెర్ముడా, కేమన్ దీవులు, బహామాస్ వెనక్కి మళ్ళాయి. దోషం ఆటది కాదు, ద్వారం వెడల్పుది. ఆ వెడల్పును నిర్ణయించేది బ్యాటూ కాదు, బంతీ కాదు, ముందే వేసుకున్న పద్దు. పిల్లబాటన నడిచేవాళ్ళు ఎక్కువైనప్పుడు బాటను వెడల్పు చేయాలి గానీ, నడిచేవాళ్ళను తప్పుపట్టరాదని సిద్ధాంతం.

ఫలశ్రుతి

ఈ పద్యం ముమ్మారు చదివిన జట్టు గెలుస్తుందన్న హామీ లేదు. గెలిచినా బెర్తు దొరుకుతుందన్న హామీ అసలే లేదు. చేజారిన మ్యాచ్‌లో కూడా ఎదుటివాడి గెలుపును నాలుగు ఓవర్లు ఆలస్యం చేయాలన్న బుద్ధి మాత్రం తప్పక పుడుతుంది. ది హేగ్‌లో ఆ బుద్ధి విలువ ఒక ప్రపంచ కప్పు టిక్కెట్టు.