అప్పలరాజు ఏకగ్రీవం

మా విజయనగరంలో ఎన్నికలంటే మూడు లాంతర్ల నుంచి కోట దాకా మైకులు మోగాలి. మా ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా జరిగిపోయాయి. పోటీ కింద కంప్యూటరుకీ, మేడ మీద కంప్యూటరుకీ.

వేళాకోళం కాదు. 1992లో విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్‌తో మొదలైన ఏర్పాటిది. నెట్‌వర్కులో ఏయే యంత్రాలు బతికున్నాయో జాబితా రాసే పెత్తనం ఒక యంత్రానిది. దాన్ని మాస్టర్ బ్రౌజర్ అంటారు. అది ఆగిపోతే మిగతావి అప్పటికప్పుడు ఎన్నిక పెట్టుకుంటాయి. ఓట్లుండవు, నోట్లూ ఉండవు. ప్రతిదీ తన అర్హతలు చెబుతుంది, తనకంటే ఘనమైనది పలికితే నోరు మూసుకుంటుంది. కొత్త రకం విండోస్ ఉన్నదానిదే గెలుపు. అక్కడ సమానమైతే ఎక్కువసేపటి నుంచి నడుస్తున్నది. అదీ సమానమైతే పేరు అక్షరక్రమంలో ముందున్నది.

ఆమదాలవలస నుంచి వచ్చిన మావయ్య ఇది విని, "అయితే అల్లుడూ, కింద దానికి అప్పలరాజని పేరెట్టీ. ఇంగ్లీషులో 'ఎ'ని దాటీసినోడు లేడు" అన్నాడు. వ్యవహారం అక్షరాల దాకా రావడం అరుదు మావయ్యా అంటే, "అప్పన్న పేరెడితే పోయేదేటి?" అన్నాడు. పెట్టాను. మేడ మీద దానికి పైడిరాజు.

ఓ రోజు పిల్లలు పైడిరాజు ప్లగ్గు పీకేశారు. పద్ధతిగా ఆపితే వెళ్తున్నానని చెప్పి పోయేవాడు. ఇక్కడ చెప్పే వ్యవధేదీ? నడుస్తున్న యంత్రం 12 నిమిషాలకోసారి హాజరు పలకాలి. మూడుసార్లు పలక్కపోతేనే జాబితా పెత్తందారు అప్పలరాజు ఆ పేరు కొట్టేస్తాడు. అంచేత 36 నిమిషాలు పైడిరాజు జాబితాలో దర్జాగా ఉన్నాడు, నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. "సచ్చినోడి పేరు లిస్టులో ఉండడం మనకేటి కొత్త?" అన్నాడు మావయ్య.

2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్, ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎమ్‌బీ 1లోని లొసుగులోంచి దూరి లోకమంతా పాకింది. ఆ అక్టోబరులో వచ్చిన విండోస్ 10 కూర్పు, కొత్తగా ఎక్కించిన యంత్రాల్లో ఎస్‌ఎమ్‌బీ 1ని పెట్టడం మానేసింది. దాన్ని నమ్ముకున్న ఎన్నికలూ దానితోనే పోయాయి. ఇప్పుడు ఎవరికి వారే ఇల్లంతా వినబడేలా "నేనిక్కడున్నాను" అని కేకేసుకుంటారు. ప్రింటరు కేకేసే ఉమ్మడి చిరునామా 224.0.0.251. వైఫైకి 'పబ్లిక్' అని పెట్టారో, విండోస్ ఎవరికీ కనబడకుండా గడియ వేసుకుంటుంది.

"అంటే ప్రెసిడెంటు లేడన్నమాట. మరి ప్రింటరు పలక్కపోతే పంచాయితీ ఎవుడు తీరుస్తాడ్రా?"

ఇంకెవరు? ఇంట్లో ఇంజనీరింగు చదివిన గుంటడు. ఆ పదవికి ఎన్నికా లేదు, రాజీనామా ఇచ్చినా తీసుకునేవాడు లేడు.