పట్టా లారీ మీద కప్పించండి మహాప్రభో!

గాలినీ నీళ్లనూ కాపాడే మండలి అధ్యక్షుల వారి దివ్య సముఖానికి,

బూడిద లారీల మీద నేను పెట్టుకున్న ఫిర్యాదుకు తమరు పంపిన మెసేజ్ అందింది. ధన్యులమయ్యాం. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అన్నారు. అది వచ్చేసరికి నేను కల్లంలో పాత చీర ముక్కతో మిర్చి మీది బూడిద దులుపుతున్నాను. పరిష్కారమైంది ఎవరి ఫిర్యాదో కాస్త సెలవిస్తే వాళ్లనైనా చూసి సంతోషిస్తాను.

తమరి ఇంజినీరు గారు వచ్చిన మాట నిజమే. ఎప్పుడొచ్చారు? రాత్రంతా అకాల వాన కొట్టి, రోడ్డు కడిగిన పళ్లెంలా ఉన్న పొద్దున. తడిసిన కాయను కుప్పలు తోసుకోలేక మేం చస్తుంటే ఆయన గాలి కొలిచారు! ఆ పూట మా ఊరి థర్మల్ కేంద్రం నుంచి ఒక్క బూడిద లారీ కదల్లేదు. ఘనమీటరు గాలిలో సన్నధూళి (పీఎం10) 24 గంటల సగటున 100 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నుంచి లెక్క ఉంది కదండీ. ఆయన టీ తాగి వెళ్లేలోపే ఆ 24 గంటలూ అయిపోయాయా?

థర్మల్ కేంద్రం గేటు దగ్గర ఎర్రంకెల బోర్డు వెలుగుతోంది, అన్నీ హద్దులోనే ఉన్నాయని ఆయన రాశారట. ఉంటాయి. అది పొగగొట్టం లెక్క. మా నెత్తిన పోసేది లారీ. దాని లెక్క ఏ బోర్డు మీద వస్తుంది?

కాయ ఆరడానికి పది పదిహేను రోజులు ఎండ కావాలి. పట్టా కప్పితే లోపల ఉక్కబోసి రంగు తిరిగి తాలవుతుంది. కప్పకపోతే లారీ పోయిన ప్రతిసారీ కాయ మీద వేలు పెడితే బూడిద అంటుతుంది. యార్డులో వ్యాపారి గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది, ఆ చెయ్యి మా మొహానికి చూపించి మరీ రేటు కోస్తాడు. తమరిచ్చిన అనుమతి పత్రంలోనే రాసుంది, బూడిద లారీలకు పట్టా కప్పాలని. కప్పాల్సినవాడు కప్పడు. కప్పకూడని మేం కప్పుకుని పంట పాడుచేసుకుంటున్నాం. ఇదెక్కడి న్యాయమండీ!

అధికారం లేదనకండి. 1981 నాటి గాలి చట్టంలో 31-ఏ సెక్షన్ ఉంది. మాట వినని ఫ్యాక్టరీకి నీళ్లూ కరెంటూ ఆపించవచ్చు, తాళం వేయించవచ్చు. కరెంటు పుట్టే చోట కరెంటు తీసేస్తామంటే వాళ్లు నవ్వుతారని మొహమాటమేమో. పిండిమిల్లుకు నోటీసు ఇచ్చేటప్పుడు ఈ మొహమాటం ఎటు పోయిందో!

గొట్టంలో గంధకం కడిగే యంత్రం సంగతి తమరిని అడగను, అది ఢిల్లీ వారి చలవ. 2015లో రెండేళ్ల గడువిచ్చారు. 2017 పోయి 2022 అన్నారు, అదీ పోయింది. 2025 జులైలో చాలా కేంద్రాలకు అసలు అక్కర్లేదు పొమ్మన్నారు. పది లక్షల జనాభా ఉన్న నగరానికి 10 కిలోమీటర్ల లోపున ఉంటే పెట్టాల్సిందేనట. మా ఊళ్లో అంతమంది లేరు, మా ఊపిరితిత్తులు లెక్కలోకి రాలేదు. కరెంటు బిల్లులో ఎప్పటిదో సర్దుబాటు చార్జీ వేసినప్పుడు మాత్రం మా ఊరు అందరికీ గుర్తుంటుంది. జూన్ 5న పర్యావరణ దినమంటూ తమరు నాటి ఫొటో దిగిన మొక్కల మీదా బూడిదే ఉంది, అదీ వదిలేస్తున్నాను.

అయ్యా, వెటకారం చాలు. మాకు నష్టపరిహారం వద్దు, కమిటీ వద్దు, కేంద్రం మూసెయ్యమనీ అనడం లేదు. మా పిల్లలూ అక్కడ కాంట్రాక్టు పని చేస్తున్నారు. బూడిద తడిపి, లారీ మీద పట్టా కట్టించండి, అంతే. ఇంకా సగం కాయ కల్లంలోనే ఉంది.

వాన లేని రోజు చూసి, రాత్రి తొమ్మిది దాటాక, బూడిద లారీలు పోయే వేళ వచ్చి మా రోడ్డు మలుపులో ఒక్క గంట నిలబడండి. దండం పెడతాను, వచ్చేముందు కేంద్రం వాళ్లకు ఫోను చెయ్యకండి.

ఇట్లు,
తమరు పరిష్కరించేసిన ఓ మిర్చి రైతు