‘చెప్పులున్న చాలు’ అను పద్యమునకు టీకా తాత్పర్యము

అవతారిక

ఓరుగల్లుకు వ్యాఖ్యానం కొత్త కాదు. ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాస్తే, దానికి రత్నాపణమనే వ్యాఖ్య చేసినవాడు మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ తండ్రి మల్లినాథుడు నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు ఆ నియమం కుదరదు. ఈ మూలంలో లేనిదే దారి పొడుగునా ఎదురైంది మరి.

మూలం హన్మకొండలోని ఒక వాట్సాప్ గ్రూపులో, చలి శివశివా అంటూ వెళ్ళిపోయాక, ఒక శనివారం రాత్రి వెలువడింది. కవి ఆ గ్రూపు అడ్మిన్. వయసుతో పని లేకుండా అందరికీ అన్న.

మూలం

ఆ.వె. నీళ్ళు గలవు కొంత నేడును ధారలో
నడక కొంచెమంతె నమ్ము తమ్మి
పొద్దు పొడుచు వేళ పోయి వత్తము లెమ్ము
చెప్పులున్న చాలు చేరవచ్చు

ప్రతిపదార్థం

తమ్మి = ఓ తమ్ముడా (ఏకవచనమే అయినా పెట్రోలు ఖర్చు పంచుకొను వారందరికీ వర్తించును); ధారలో = ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం దాపున, గుట్టల్లోని ముత్యాలధారయందు; నేడును = ఎండలు ముదరబోవు ఈ దినములలోను; కొంత = ఇంత అని చెప్పరాని; నీళ్ళు గలవు = జలములున్నవని వినికిడి; నడక = రాళ్ళు పట్టుకొని పాకుట; కొంచెము = చెప్పువానికి స్వల్పము; అంతె = ఇక ప్రశ్నలు వలదు; నమ్ము = అనుమానము కలిగినదా, అణచుకొనుము; పొద్దు పొడుచు వేళ = సూర్యోదయమున; పోయి వత్తము = వెళ్ళి తిరిగి వత్తుము; లెమ్ము = దుప్పటి తీయుము; చెప్పులు = రబ్బరువి; ఉన్న చాలు = ఉండిన సరిపోవును; చేరవచ్చు = చేరుట సాధ్యము (మరలుట గూర్చి కవి మౌనము).

తాత్పర్యం

తమ్ముడూ, ముత్యాలధారలో ఇంకా నీళ్ళున్నాయి, నడక కొద్దిగానే, పొద్దున్నే పోయొద్దాం, చెప్పులేసుకొని వచ్చినా ఫరవాలేదు అని భావము. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అపాయమంతా అందులోనే ఉంది.

విశేషాలు

‘ధారలో’: ముత్యంధార, గద్దెలసరి అని పాఠాంతరాలు. ఎత్తు 700 అడుగులంటారు. 2016 దాకా ఇది ఖమ్మం జిల్లా. ఆ యేడు జయశంకర్ భూపాలపల్లికి వచ్చి, 2019లో ములుగుకు మారింది. ధార మాత్రం అడుగు కదల్లేదు. ఇంకొక పాఠభేదం ప్రమాదకరం: ములుగు జిల్లాలోనే వెంకటాపూర్ అని వేరే మండలముంది. ఫోన్లో ఒక్క అక్షరం తప్పు కొడితే బండి రామప్ప గుడి ముందు ఆగుతుంది. దర్శనం పుణ్యమే కానీ, గోదావరి ఇంకా దాటనే లేదు. సరైన దారి ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా ముల్లకట్ట వంతెన దాటి వెంకటాపురానికి. హన్మకొండ నుంచి సుమారు 150 కిలోమీటర్లు.

‘కొంత’: ఇక్కడ దేహళీదీప న్యాయం. గడప మీది దీపం అటూ ఇటూ వెలిగించినట్టు, ఈ పదం ఎడమన నీళ్ళనూ కుడిన ధారనూ తగ్గిస్తుంది. ఎండాకాలపు ధార ఒక్క పెట్టున దూకదు. రాతి అంచున జారి, నడిమధ్యలో గాలికి విడిపోయి, చినుకులుగా బండల మీద పడుతుంది. అడుగున నిలబడి తలెత్తితే ఒక్కో చినుకు విడివిడిగా దిగుతూ కనిపిస్తుంది. ముత్యాలనే పేరు ఈ కాలానికే చెల్లుతుందని వ్యాఖ్యాత మతం.

‘పొద్దు పొడుచు వేళ’: ఇది ‘పోయి’కి మాత్రమే విశేషణమా, ‘వత్తము’కు కూడానా అని చర్చ. రెంటికీ అంటే పోయి వచ్చేది ఒకే సూర్యోదయంలో కావాలి, అసంభవం. మొదటిదానికే అంటే ఇంకో చిక్కు. ఈ రోజుల్లో ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది. తెల్లవారుజామున కోయ ఆడవాళ్ళు బుట్టలతో ఏరుకుంటుంటారు, ఎలుగుబంటి కూడా అదే పువ్వుకు వస్తుంది. కనుక వెలుగు పడ్డాక, అటవీశాఖ వాళ్ళనడిగి, ఊరి మనిషిని తోడు తీసుకొని కదలాలి. మా ముందు నడిచినతను పద్యం చదవలేదు. మా కాళ్ళు చూసి, “ఈ చెప్పులతోనా సార్?” అని మాత్రం అన్నాడు.

‘చెప్పులున్న చాలు’: వాగులో నీరు తగ్గితే రాళ్ళు బయటపడతాయి. వాటి మీది పాచి ఎండి, పైకి గరుగ్గా కనిపిస్తుంది. అడుగు వేసి, చెప్పు కింది తడి తగలగానే అది మళ్ళీ పాచే. మడమకు పట్టీ లేని చెప్పు ముందుకు పోతుంది, మనిషి అక్కడే కూర్చుంటాడు. ‘చేరవచ్చు’ అన్న చోట ‘కూర్చొని’ అని అధ్యాహారం చేసుకోవాలి.

పూర్వపక్షం, సిద్ధాంతం

“జలపాతానికి ఎండల్ల పోవుడేందన్నా, వానకాలంల పోదాం” అని ఒక తమ్ముడి ఆక్షేపణ. సమాధానం: వానాకాలంలో ధార నిండుగానే ఉంటుంది, కానీ దారిని వాగు తీసుకుంటుంది. 2023 జులై 26న ఇలాగే ధార చూడబోయిన పర్యాటకులు, వాగు పొంగి అడవిలో చిక్కుకుంటే, విపత్తు దళాలు వెళ్ళి బయటికి తేవలసి వచ్చింది. ఆ వానల్లోనే ఇదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. “మరి కార్తీకంల?” అని మరో ఆక్షేపణ. అది సరైన ప్రశ్నే. అప్పుడు అన్నకు వనభోజనాలు, పెళ్ళిళ్ళు.

కనుక సిద్ధాంతం: ధార నిండితే దారి ఉండదు, ఎండలు ముదిరితే ధార ఉండదు. రెండూ కొంత కొంత మిగిలేది శివరాత్రికీ ఉగాదికీ నడుమ.

ఆ మిగిలిన నీరు ఎక్కడిదని అడగాలి. నిరుటి వానది. ఆకు కుళ్ళి మెత్తబడిన నేలలో ఇంకి, రాతి పగుళ్ళలో దాగి, నెలల తరబడి ఊరుతూ వస్తున్నది. నిప్పు తిరిగి ఆకు కాలిపోతే నేల బిగుసుకుంటుంది, వాన ఇంకకుండా పారిపోతుంది. ఎండుటాకుల్లో పారేసిన ఒక సిగరెట్టు ముక్క వచ్చే వేసవి ధారకు కోత పెడుతుంది. అన్న పద్యంలో ‘కొంత’ ఉందా లేదా అన్నది గుట్ట మీది అడవిని బట్టే.

ఛందస్సు, అలంకారం

ఆటవెలది. ఒక పాదం పొడుగు, ఒక పాదం పొట్టి. ఎక్కేవాడి ఊపిరి కూడా అంతే. అలంకారం అతిశయోక్తి కాదు, దాని తలకిందులు: ఉన్నదాన్ని తగ్గించి చెప్పడం. దీనికి విద్యానాథుడు పేరు పెట్టలేదు. ఆయనకు గ్రూపు అడ్మిన్లు లేరు.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా పఠించినవారు తలకు 3 లీటర్ల నీళ్ళు మోసుకొని, పట్టున్న బూట్లు తొడిగి, పది దాటకముందే పైకి చేరి, మిట్టమధ్యాహ్నం నీడన కూర్చొని, పొద్దుండగానే ఊళ్ళోకి దిగుదురు. విన్నవారికి కనీసం టోపీ గుర్తుండును. మూలమొక్కటే చదివి బయలుదేరినవారికి రెండో దాటుకాడ చెప్పు తెగును.