మార్చి 31 లోగా ఉపాధి

మా కర్నూలు పడమటి మండలాల్లో జనానికి పని చూపించేవాళ్లు రెండు రకాలు. ఒకటి, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ. రెండు, మేస్త్రి.

మేస్త్రికి వెబ్‌సైటు లేదు. దీపావళి దాటంగానే కోసిగిలోనో పెద్దకడబూరులోనో ఇంటి అరుగు మీద కూచుని, తలకింతని అడ్వాన్సు చేతిలో పెట్టి, లారీ ఏ రోజొస్తుందో చెప్పి పోతాడు. చెప్పిన రోజుకు లారీ వస్తుంది. చంకలో పిల్లలు, నెత్తిన బియ్యం మూటలతో సగం ఊరు ఎక్కేస్తుంది. గుంటూరు వైపు పోయి మిరపకాయలు కోసి, ఉగాదికి తిరిగొస్తారు. దీన్నే సుగ్గి అంటాం. కడప జిల్లాలో అయితే లారీ బదులు విమానం, గుంటూరు బదులు కువైట్. ఇంతమందికి పని చూపించినా మేస్త్రికి ఎవరూ శాలువా కప్పలేదు.

రిజిస్టరైన సంస్థ కష్టాలు వేరు. "మీరు తెలుగు బాగా రాస్తారు కదా సార్, ప్రపోజల్ రాసిపెట్టండి" అని అలాంటి సంస్థ నుంచి ఒకరు పిలిస్తే పోయాను. పోయాక తెలిసింది, అది తెలుగులో రాసేది కాదని. వాన ఎప్పుడు పడుతుందో దేవుడే రాసివ్వని సీమలో, మూడో ఏడు రెండో క్వార్టర్‌కు ఎంతమంది ఆడవాళ్ల రాబడి ఎంత శాతం పెరుగుతుందో రాసిచ్చాను. 'రిస్కులు' అనే గడిలో 'కరువు' అని పెడితే కన్సల్టెంటు కొట్టేశాడు. నెగటివ్‌గా ఉందట. 'వాతావరణ సవాళ్లు' అని మార్చుకున్నాం.

ఇంతకీ డబ్బెక్కడిది? 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకే ముందు ఇవ్వాలని కూడా ఆ చట్టమే చెప్పింది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, సరే. కోసిగి పక్కన ఏముంది? రైల్వే స్టేషనుంది. ఫ్యాక్టరీయే ఉంటే సుగ్గికెందుకు పోతారు స్వామీ!

పోనీ విదేశీ విరాళమా? విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే దిగాలి. పరిపాలన ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20కి దించారు. ఆఫీసులో లెక్కలు రాసే పిల్ల జీతం అందులోదే. ఊరందరికీ ఉపాధి వెతికే పనిలో ఆ పిల్ల ఉపాధి పోయింది.

1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టారు. ఈ ప్రపోజల్ ఫారం ఆయన ముందుంటే 'ఇన్నోవేషన్' గడి దగ్గరే ఆగిపోయేవారు. మగ్గంలో కొత్తేముంది? రూపాయి రూపాయి కూడబెట్టి సంఘం కట్టుకున్న ఓర్వకల్లు ఆడవాళ్లదీ అంతే. 'గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు' అన్నచోట ఏం జతపరుస్తారు, డబ్బాలో చిల్లరా?

మా ప్రపోజల్ మాత్రం నెగ్గింది. ఎక్కడో నగరంలో ఒక కంపెనీ దయతలిచింది. సంక్రాంతి పోయాక డబ్బొచ్చింది. మార్చి 31 లోగా ఖర్చుపెట్టాలి. 30 మంది ఆడవాళ్లకు కుట్టు శిక్షణ. ఆడవాళ్లేమో మిరప చేలల్లో ఉన్నారు. ఫ్లెక్సీ కట్టాం, మిషన్లు దించాం, ఊళ్లో మిగిలిన అవ్వలను పిలుచుకొచ్చాం. ఒకామె మిషన్ ముందు కూచుని సూదివైపు చాలాసేపు చూసింది.

"సామీ, దారం ఎక్కియ్యనీకి నాకు కండ్లు ఆనవు. ఫోటో తీసుకుంటే తీసుకో. అయినా కుట్టించుకునేటోళ్లు యాడుండారు? ఊరంతా సుగ్గికి పాయె."

ఫోటో బాగా వచ్చింది. హాజరు నూటికి నూరు.

ఉగాది పోయాక సర్వేకొచ్చారు. దసరాకు చేసిన సర్వేలో ఇండ్లల్లో చేతిలో పైసా లేదు. ఇప్పుడు ఇంటింటా మిరప కూలి డబ్బుంది. అప్పు తీర్చినవాళ్లున్నారు, కమ్మలు విడిపించుకున్నవాళ్లున్నారు. రాబడి పెరిగిందని తేలింది. కుట్టు మిషన్ల వల్లేనని రిపోర్టులో నేనే రాశాను, ఇంగ్లీషులో.

కంపెనీవాళ్లు సంబరపడి రెండో విడత కూడా మంజూరు చేశారు. ఈసారి 60 మిషన్లు. డబ్బు సంక్రాంతి పోయాక వస్తుందట.