ఇల్లు కదిలితే ఊరంతా చుట్టాలే

క్యాంపర్ వ్యాన్‌ను తెల్లవాళ్లే కనిపెట్టారని మా బామ్మర్ది గట్టి నమ్మకం. ఆయనకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం. సెలవులకు హనుమకొండ వస్తే ఇదే ముచ్చట. "బావా, అక్కడ రిటైరైనోళ్లు ఇంటికి తాళమేసి, వ్యాన్‌ల వండుకుంట, పండుకుంట సముద్రం పొంటి తిరుగుతరు. ఒక్కడు పలకరించడు. ఎంత ప్రశాంతమో!"

మా తాతల కాలంలో మేడారం జాతరకు హనుమకొండ నుంచి బండ్లు కట్టేవాళ్లు. బండి మీద గూడు, లోపల గడ్డి పరుపు, కింద వేలాడే లాంతరు, వెనక కోళ్ల గంప. దారిలో ఎక్కడ చెరువు కనిపిస్తే అక్కడ ఎడ్లను విప్పి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టించేవాళ్లు. జంపన్నవాగు ఒడ్డుకు చేరాక ఆ బండే ఇల్లు. రెండేళ్లకోసారి లక్షలమంది చేసిన పనిని బామ్మర్ది డాలర్లు పోసి నేర్చుకొచ్చాడు.

అంతకు ముందు సంగతి చెప్పాలంటే ఏనుగుల వీరాస్వామయ్య ఉండనే ఉన్నాడు. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, లోపలి ఊళ్ల మీదుగా హైదరాబాదు, నాగపూరు దాటి కాశీ చేరాడు. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ మీదుగా సముద్రతీరం పట్టుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. వెంట గుడారాలు, పల్లకీ మోసే బోయీలు, వంటవాళ్లు. ఏ ఊళ్లో నీళ్లున్నాయి, ఎక్కడ దిగొచ్చు, ఏ సరుకు దొరుకుతుంది అన్నీ రాసుకున్నాడు. అదే 'కాశీయాత్ర చరిత్ర'. ఇప్పటి యూట్యూబ్ వ్యాన్‌వాళ్లు చేస్తున్నదీ అదే. లైకు కొట్టమని అడగడం ఒక్కటే ఆయనకు చేతకాలేదు.

బామ్మర్ది వింటేగా! హైదరాబాద్‌లో ఒక వ్యాన్ కిరాయికి తెచ్చాడు. రెండు పడకలు, ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, ఓ మూలన బాత్రూము. మా ఆవిడ ఎక్కి చూసి, "పొయ్యికి జానెడు దూరంల పాయఖానానా? ఆ తలుపు తెరిస్తే నేను దిగిపోత" అని తీర్పు చెప్పింది. కిరాయిలో సగం దాని కోసమే కట్టానని బామ్మర్ది మొత్తుకున్నా అప్పీలు లేదు.

సూర్యలంక సముద్రం చూద్దామని బయల్దేరి, వర్ధన్నపేట దాటి తొర్రూరులో టీకి ఆగాం. తెల్లటి వ్యాన్, పక్కన మెట్లు, కిటికీలకు తెరలు. ఓ ముసలమ్మ వచ్చి, చెప్పులు కింద విడిచి, మెట్లెక్కి, పడక మీద సర్దుకుని కూచుంది. "కండ్లు చూస్తరా బిడ్డా?"

"ఇది కండ్ల దవాఖాన కాదమ్మా, మేం ఇండ్లనే ఉంటున్నం."

ఆమె ఫ్రిజ్‌నూ, గ్యాస్ పొయ్యినీ, మా ఆవిడ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "అయ్యో, ఇల్లు లేదా? కొడుకులు ఎల్లగొట్టిండ్రా?" అని, కొంగు ముడి విప్పి పల్లికాయ మా చేతుల్లో పోసి, కళ్లొత్తుకుంటూ దిగిపోయింది. హంటర్ రోడ్డులో సొంతిల్లుందని చెప్పే సందే ఇవ్వలేదు.

మరిపెడలో కుర్రాళ్లు చుట్టుముట్టి అడిగింది ఒకటే: "ఏ పార్టీదన్నా?" వాళ్ల తప్పేం లేదు. తెలుగువాడికి తెలిసిన క్యాంపర్ వ్యాన్ ఒక్కటే, చైతన్యరథం. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యాన్‌ను బాగుచేయించి, హరికృష్ణ నడుపుతుంటే ఊరూరా తిరిగాడు. అందులోనే పడక, రోడ్డు పక్కనే స్నానం, భోజనం. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ రోజు నుంచి వ్యాన్‌లో పడుకునే ప్రతివాడూ ఓటు అడగడానికే వచ్చాడని మనవాళ్ల లెక్క. బామ్మర్ది మెట్ల మీద నిలబడి "మాది ఏ పార్టీ కాదు" అన్నాడు. "ఇండిపెండెంటట" అన్నాడొకడు. బస్టాండు దాకా వార్త పాకింది.

ఖమ్మం మిర్చి మార్కెట్ పక్కన వెళ్తుంటే ముగ్గురికీ దగ్గు తెర. ఆ దగ్గులోనే మా ఆవిడ దిగి, బేరమాడి, ఆవకాయకని ఓ బస్తా ఎండుమిర్చి కొంది. బస్తాను ఎక్కడ పెట్టిందో వేరే చెప్పాలా? ఆ బాత్రూము అప్పటి నుంచి కారం గది.

బాపట్ల చేరేసరికి చీకటి. సూర్యలంక తీరానికి ఇంకా తొమ్మిది కిలోమీటర్లే, పొద్దున్నే పోదామని ఓ వీధి చివర ఆపాం. అలల చప్పుడు లేకపోయినా ప్రశాంతత ఉంటుందని బామ్మర్ది ఆశ. కిటికీ మీద టకటక. "ఏ ఊరండీ మీది? వరంగలా? అదేంటండీ, రోడ్డు మీద పడుకుంటారా? బాగోదండీ. మా డాబా ఉంది, దోమతెరలున్నాయి, లేవండి." వద్దంటే వినలేదు. పెసరట్టు పెట్టారు, వేయిస్తంభాల గుడిలో నిజంగా వెయ్యి ఉన్నాయా అని అడిగారు, 1163లో రుద్రదేవుడు కట్టించాడంటే తలూపారు. మేం డాబా మీద, వ్యాన్ వీధిలో. దాని మెత్తటి పరుపుల మీద ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఆస్ట్రేలియాలో వ్యాన్ కొనుక్కునేది మనుషుల నుంచి తప్పించుకోవడానికి. మన ఊళ్లలో అదే వ్యాన్ మనుషులను పిలుచుకొచ్చే టముకు. ఒంటరితనం కావాలంటే ఏసీ లాడ్జీలో గది తీసుకుని తలుపేసుకోవడం నయం, చవక కూడా.

అయినా తిరిగేవాళ్లు తిరుగుతారు. కేరళ 2021లోనే కారవాన్ విధానం ప్రకటించి, బండ్లు నిలపడానికి పార్కులు కూడా అందులో చేర్చింది. మన రెండు రాష్ట్రాలూ కనీసం రామప్ప దగ్గరో, లక్నవరం దగ్గరో, సూర్యలంకలోనో ఓ నీడ, ఓ నల్లా, ట్యాంకు ఖాళీ చేసుకునే ఓ చోటు చూపిస్తే పుణ్యముంటుంది. అందాకా బయల్దేరేవాళ్లకు నా సలహా: ఫ్రిజ్ లేకపోయినా నడుస్తుంది గానీ, నాలుగు కుర్చీలు, కిలో చాయ్‌పత్తా ఎక్కువ వేసుకోండి. చుట్టాలు దారిలో ఉన్నారు.