పాలమ్మాయి వెనకాల గోడ

మా బాబాయి నిన్న రాత్రి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి పదకొండుంబావుకి తిరిగొచ్చాడు. మధ్యలో ఓసారి లేచాడు, దోమల కాయిల్ వెలిగించడానికి.

నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి, ధవళేశ్వరంలో రిటైరై, రాజమండ్రిలో స్థిరపడ్డ మనిషి. ఆ వయసువాళ్ళు పేకాటకో ప్రవచనాలకో పోతారు. మావాడు డాక్యుమెంటరీలకు మరిగాడు. పులులూ జింకలవీ కావు, గొప్ప గొప్ప చిత్రకారులవి, వాళ్ళ ఎగ్జిబిషన్లవి. కొడుకు కొనిచ్చిన యాభై అయిదంగుళాల టీవీ, కాళ్ళు చాపుకునే సోఫా, రెండు మీద ఫ్యాను. ఇంకేం కావాలి?

ఇలాంటివాళ్ళు ఈ మధ్య పేటకొకరు తయారయ్యారు. గుర్తుపట్టడం తేలిక. వీళ్ళు "చూశాను" అనరు, "వెళ్ళాను" అంటారు. నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటారు. పెళ్ళికి పిలిస్తే కల్యాణమండపం గుమ్మంలో కట్టిన ఫ్లెక్సీ ముందు ఆగి, తల ఓ పక్కకి వాల్చి, "వెలుతురు ఎడమవైపు నుంచి పడుతోంది, గమనించావా?" అంటారు. పెళ్ళికొడుకు పేరు మాత్రం గమనించరు.

2023లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రిక్స్‌మ్యూజియంలో వెర్మీర్ ఎగ్జిబిషన్ పెట్టారు. ఆయన బొమ్మలు లోకం మొత్తం మీద మిగిలినవే ముప్ఫై ఏడు దాకా అయితే, వాటిలో 28 ఒక్కచోటికి చేర్చారు. టిక్కెట్లు రోజుల్లో అయిపోయాయి. ఆరున్నర లక్షల మంది చూశారు. "వాళ్ళంతా ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు చూశార్రా. నేను పడుకుని చూశాను" అంటాడు బాబాయి. ఈ మాటకి జవాబు నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఇంజనీరు కదా, బొమ్మ ముందు కొలతల్లో ఎక్కుతుంది ఆయనకి. మోనాలిసా అనగానే అందరికీ నవ్వు గుర్తొస్తే ఆయనకి 77 బై 53 సెంటీమీటర్లు గుర్తొస్తుంది. టీవీ తెర ఎత్తు 68. కాబట్టి మోనాలిసా తెరలో కాస్త ఒదుగుతుంది, చిన్న బొమ్మ వచ్చిందంటే ఉన్నదానికన్నా పెద్దదైపోతుంది. ఈ అన్యాయం సహించలేక ఒకరోజు టేపు పట్టుకుని, రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' అసలు సైజు హాలు గోడ మీద సుద్దముక్కతో గీయబోయాడు. దాదాపు పన్నెండడుగుల ఎత్తు, పద్నాలుగడుగులకు పైన వెడల్పు. ఆ హాలు ఎత్తు పది. గీత పైకప్పెక్కి ఫ్యాను దాకా పోయింది. పిన్ని చీపురు పట్టుకుని నిలబడి చూస్తోంది. సరిగ్గా ఆ వారమే తెలిసింది ఆయనకి: 1715లో ఆ బొమ్మని టౌన్ హాలుకి మార్చినప్పుడు గోడకి పట్టలేదని నాలుగు పక్కలా కోసేశారట. "చూశావా! అక్కడా ఇదే ప్రాబ్లం!" అన్నాడు. సైటు మీద కాంట్రాక్టరు తప్పు దొరికినప్పుడు కూడా ఆ మొహం అంత వెలగలేదనుకుంటాను.

ఉచ్చారణ మరో పెద్ద కథ. మొదట అందరిలాగే 'వాంగో' అనేవాడు. ఎవరో డచ్చి క్యూరేటరు నోట విన్నాడు. అప్పట్నుంచి 'ఫన్ ఖొఖ్'. రెండు ఖకారాలూ గొంతు అడుగు నుంచి రావాలి. రెండు రోజులు పొద్దస్తమానం సాధన చేసేసరికి పిన్ని మిరియాల పాలు కాచి తెచ్చి, తాగిందాకా కదల్లేదు.

జాన్ బెర్జర్ అనే ఆయన 1972లో బీబీసీకి చేసిన నాలుగు భాగాల కార్యక్రమం ఒకటుంది. మొదలవడమే ఆయన బొటిచెల్లి బొమ్మ దగ్గరికి నడిచి, కత్తి తీసి, వీనస్ మొహం చుట్టూ చక్కగా కోసేస్తాడు. బాబాయి సోఫాలోంచి లేచిపోయాడు, "ఒరేయ్, పోలీసుల్ని పిలవండ్రా" అంటూ. అది నకలని తెలిసి కూర్చున్నాక కూడా గుండె దడ తగ్గలేదు. కెమెరా ఏది చూపిస్తే అదే చూస్తున్నారు, కాస్త జాగ్రత్త అని బెర్జర్ అందులో హెచ్చరిస్తాడు కూడా. బాబాయి ఆ సంగతి డైరీలో ఎక్కించుకుని, కెమెరా ఏది చూపిస్తే అది చూడ్డం కొనసాగించాడు.

ఓసారి బలవంతాన దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్ళాను. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్లో నేర్చుకుని, 1925లో ఇరవయ్యేడేళ్ళకే మశూచితో పోయిన మన ఊరి చిత్రకారుడు. గ్యాలరీ ఉన్నదీ మన ఊళ్ళోనే, ఆటోలో పోవచ్చు. బాబాయి మొదటి బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పది సెకన్లయింది. పదిహేనయింది. ఇటు తిరిగి, "ఏమిట్రా, ఇది ఇలాగే ఉంటుందా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. తర్వాత తట్టింది: కెమెరా ఎప్పుడు దగ్గరికి వెళ్తుందా అని ఎదురుచూస్తున్నాడు పాపం. వయొలిన్ లేదు, చెప్పేవాడు లేడు. చివరికి తనే ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి నడవడం మొదలెట్టాడు. కాపలా మనిషి కంగారుపడి దగ్గాడు.

పిన్ని సంగతి చెప్పాలి. ఆవిడ ఈ కార్యక్రమాలు చూడదు. ఆ గదిలో ఉంటుంది, అంతే. బియ్యంలో రాళ్ళు ఏరుతూనో, గోరుచిక్కుళ్ళు ఒలుస్తూనో.

నిన్న రాత్రి వెర్మీర్ 'పాలమ్మాయి' వచ్చింది. అడుగున్నర ఎత్తుండే బొమ్మ. పసుపు రవికె, నీలం ఏప్రాను, బల్ల మీద రొట్టె ముక్కలు, కూజాలోంచి పాలు పోస్తూ పనిమనిషి. బాబాయి బొమ్మని ఆపి నాకు పాఠం మొదలెట్టాడు: కిటికీలోంచి పడే వెలుతురు, రొట్టె మీద చుక్కలు చుక్కలుగా పెట్టిన తెలుపు...

"చెయ్యి తిరిగిన పిల్లే. ధార తెగట్లేదు" అంది పిన్ని చిక్కుడుకాయల్లోంచి తలెత్తి. "ఆ గోడకి మేకెందుకండీ?"

"మేకేమిటి?"

"అదిగో, పైన. పక్కన పీకేసిన చిల్లులు కూడా ఉన్నాయి. ఏదో ఉండేది, తీసేశారు. వంటింట్లో చేతికందే గోడ ఎవరైనా ఖాళీగా వదులుతారా?"

బాబాయి ఈ బొమ్మని మూడుసార్లు 'వెళ్ళి' చూశాడు. మేకు చూడలేదు, ఎందుకంటే చెప్పేవాడు చెప్పలేదు. లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. ఉంది. చిల్లులూ ఉన్నాయి. ఫోను తీసి వెతికాడు. 2022లో రిక్స్‌మ్యూజియం వాళ్ళు ఆ బొమ్మని యంత్రాలతో పరీక్షిస్తే, ఆ అమ్మాయి తల వెనకాల గోడకి కూజాలు తగిలించే చెక్క ఒకటి, కింద మూల నిప్పుల బుట్ట ఒకటి బయటపడ్డాయట. వెర్మీర్ ముందు వేసి, తర్వాత వద్దనుకుని రంగు పూసేశాడు. మేకుకి తగిలించింది మాయం కావడం వేరు, రంగు కింద చెక్క దొరకడం వేరు అని బాబాయి వాదించబోయాడు గానీ గొంతులో బలం లేదు. యంత్రాలకి ఎంత ఖర్చయిందోగాని పిన్నికి చిక్కుడుకాయలు కూడా ఒలవడం పూర్తి కాలేదు.

ఆ దెబ్బ మానలేదు ఆయనకి. ఇవాళ సాయంత్రం నేను వెళ్ళేసరికి వెర్మీర్‌దే ఇంకో బొమ్మ, 'ముత్యపు దిద్దు పిల్ల'ని తెర మీద ఆపి సిద్ధంగా ఉన్నాడు. ప్రశ్నపత్రం ముందే చూసిన కుర్రాడి మొహం. 2020లో హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్ వాళ్ళు పరీక్షించి, ఆ నల్లటి వెనకభాగంలో ఒకప్పుడు ఆకుపచ్చ పరదా ఉండేదని కనిపెట్టారు. అది నా చెవిలో ముందే ఊదాడు.

"ఇదిగో, ఇలా రా. ఈ పిల్ల వెనకాల ఏముందో చెప్పు చూద్దాం."

పిన్ని చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"వెనకాల సంగతి తర్వాత. ఈ ముత్యం దేనికి వేలాడుతోందండీ?"

"చెవికి."

"చెవికెలా? కొక్కెం ఏదీ? శీల ఏదీ? అంత ముత్యం ఎక్కడైనా ఉంటుందా, గిల్టుదై ఉంటుంది. అయినా గిల్టుదైతే మాత్రం కొక్కెం ఉండద్దూ?"

బాబాయి నా వైపు చూశాడు. నేను ఫోను చూశాను. పరదా సంగతి కనిపెట్టినవాళ్ళే కొక్కెం లేదని కూడా చెప్పారు. తెల్లరంగు రెండు మూడు పూతలు, అంతే. బాబాయి అంతదాకా చదవలేదు.

"కొక్కెం లేదని నీకెలా కనపడిందే?"

"నా బుట్టల కొక్కెం విరిగి నాలుగు నెలలైంది. చెప్పి చెప్పి ఊరుకున్నాను. పుల్ల పెట్టుకు తిరుగుతున్నాను, మీకు కనపడిందా?"

బాబాయి రిమోటు పక్కన పెట్టాడు. కళ్ళజోడు సర్దుకుని, పిన్ని చెవి దగ్గరికి వంగాడు. మెల్లగా, కెమెరా జరిగినట్టు.